గాలికి అడ్డంగా

మా ఇంటావిడ ఏ గదిలోకి వెళ్ళినా ముందు కుర్చీ వెతుక్కోదు, తలుపులు వెతుక్కుంటుంది. ఎన్ని ఉన్నాయి, ఎటు తెరుచుకుంటాయి, వాటి ముందు ఎవరైనా సామాను పడేశారా అని చూసిన తర్వాత గాని కూర్చోదు. కూర్చున్నా అది కూర్చోవడం కాదు, లేవడానికి సిద్ధంగా ఉండటం. బంధువుల ఇంటికి వెళ్తే వంటింట్లోకి దూరి గ్యాసు బండ గొట్టం వాసన చూసి, దాన్ని ఎప్పుడు మార్చారని నిలదీస్తుంది. మమ్మల్ని పిలిచే బంధువులు అందుకే తగ్గిపోయారు. నాకు అందులో నష్టమేమీ కనిపించలేదు గాని, మా అమ్మకు మాత్రం కడుపుమంట.

ఆవిడ మునిసిపాలిటీలో అత్యవసర విభాగం చూస్తుంది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మేడమీద, జనన మరణ ధ్రువపత్రాలిచ్చే కౌంటరు పక్కన ఒక గది. అందులో ఒక వైర్‌లెస్ సెట్టు, ఫోన్లు, ఊళ్ళోని స్తంభాల మైకులన్నిటికీ కలిపిన ఒక మైకు, గోడంతా ఊరి పటం. పటం మీద ఎర్ర తల గుండుసూది గుచ్చిన చోటల్లా ప్రాణం తీయగల సరుకేదో నిలవ ఉందని అర్థం. మంచినీళ్ళు శుద్ధిచేసే చోట క్లోరిన్ సిలిండర్లు, పురుగుమందుల గిడ్డంగి, పెట్రోలు బంకులు, ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా. ఆ సూదులన్నీ నా కొట్లోవే. నేను దర్జీని. సూదుల డబ్బా ఖాళీ అయినప్పుడల్లా ఊళ్ళో కొత్త ప్రమాదం ఏదో పుట్టిందని నాకు తెలిసిపోయేది.

ఐసు ఫ్యాక్టరీ సూదికి ఆనుకుని, పటం మీద గోరంత ఉన్న సందులోనే మా ఇల్లు. ముందు గది నా కొట్టు, వెనక మేము.

ప్రమాదం జరిగితే ఎవరేం చెయ్యాలో ముందే తేల్చి పెట్టడం ఆవిడ పని. ఫైరింజను వాళ్ళు ముసుగులు తొడుక్కుని లోపలికి వెళ్ళాలి. పోలీసులు తాళ్ళు కట్టి జనాన్ని ఆపాలి. నీళ్ళ విభాగం ట్యాంకర్లు పంపాలి. కడిగిన నీళ్ళు కాలవలో కలవకుండా పారిశుధ్యం వాళ్ళు ఇసక బస్తాలు వెయ్యాలి. వినడానికి ఇంతే. కానీ ట్యాంకరు ఎవరిదనే దగ్గరే ఈ విభాగాలన్నిటి కమిటీ మీటింగు సగం గడిచిపోతుంది. తీరా ప్రమాదం దగ్గర తలా ఒక మాట అంటే కొంప మునుగుతుందని, ఘటన జరిగిన చోట ఒక్కరే పెద్ద అనీ, కమిషనరు కూడా ఆయన మాట వినాల్సిందే అనీ ఆవిడ పట్టుబట్టి రాయించింది. ఆ ఒక్కరూ ఫైరాఫీసరు. పొడుగ్గా సన్నగా ఉంటాడని ఆయన్ని అందరూ గొట్టం గారు అంటారు. గారు తగిలించడం వల్ల అది తిట్టు కాకుండా పోయింది.

మైకు విషయంలో ఆవిడ ఇంకా కఠినం. ఒకప్పుడు గ్యాసు లారీ బోల్తా పడితే ఎవరో మైకు పట్టుకుని నోటికొచ్చింది చెప్పారట. జనం పారిపోవడం మానేసి లారీని చూడటానికి పరిగెత్తారట. కమిటీ ఒప్పుకున్న ప్రకటన తప్ప ఒక్క ముక్క ఎక్కువ చదవకూడదని అప్పటినుంచి నియమం. నియమం పెట్టింది కూడా ఆవిడే.

ఇక గాలి సంగతి. విషవాయువు గాలి ఎటు తోస్తే అటు పోతుంది కాబట్టి, ఆవిడకు పొద్దున్నే కాఫీ కన్నా ముందు గాలి ఎటుందో తెలియాలి. తడి వేలు పైకెత్తి గుమ్మంలో నిలబడేది. గాలి దిక్కు చూపించే గుడ్డ గొట్టాలు ఊరంతా కట్టించాలని నా చేత కుట్టించింది. ముదురు నారింజ రంగు గుడ్డ, ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం. ఒంటికాలి ప్యాంటు ఎవరికోసం కుడుతున్నావని కొట్టుకి వచ్చినవాళ్ళంతా నన్ను ఆటపట్టించారు. ఆఫీసులో ఆవిడకి గాలి మేడమ్ అనే పేరు ఖాయమైపోయింది. గాలి తిరుగుళ్ళు తిరిగేవాళ్ళను చాలామందిని చూశాను గాని, గాలి కోసం తిరిగే మనిషిని కట్టుకుంటానని నేను మాత్రం అనుకున్నానా?

ఇలా ఉండగా మా వీధిలో ఒక ఉదయం మాక్ డ్రిల్లు పెట్టారు. అంటే ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైనట్టు ఉత్తుత్తి ప్రకటన చేసి, జనం ఏం చేస్తారో చూడటం. ఆమోదించిన ప్రకటనను ఆవిడే మైకులో చదివింది. అందులో ముఖ్యమైన ముక్క ఒకటే. గాలికి అడ్డంగా వెళ్ళండి.

ఆవిడ ఉద్దేశం వేరు. గాలితో పాటు పరిగెత్తితే వాయువు వెంటపడుతుంది, గాలికి ఎదురెళ్తే నేరుగా దాని నోట్లో పడతాం, కాబట్టి పక్కకి తప్పుకోవాలని. అడ్డంగా అంటే పక్కకి కోసుకుంటూ అన్నమాట. మా వీధి వాళ్ళకి మాత్రం అడ్డం అంటే అడ్డమే. అందరూ బయటికి వచ్చి, వాయువు రాబోయే ఐసు ఫ్యాక్టరీ వైపు తిరిగి, రోడ్డుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఎదురింటి మేస్త్రి చాప ఒకటి తెచ్చి నిలువుగా పట్టుకున్నాడు. అందరికన్నా ముందు, తెరిచిన గొడుగు గాలికి అడ్డం పెట్టి, మా అమ్మ.

మా ఇంటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, ఇక్కడ ఏం చేస్తున్నారు?"

"నువ్వేగా గాలికి అడ్డం వెళ్ళమన్నావు. వెళ్ళాను."

గొట్టం గారు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. మా ఇంటావిడ నవ్వలేదు. ఆ మాట విని అందరూ చావుకి ఎదురెళ్ళారు, అదీ నా గొంతు విని, అని ఆ రోజంతా అంటూనే ఉంది.

అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. అన్నం తింటూ తింటూ లేచేది. పక్కగా అందామా, ఓరగా అందామా, గాలి తప్పించుకుని అందామా? కమిటీలో ఇంజినీరు లంబకోణంలో అని రాద్దామన్నాడట. ఆరోగ్యాధికారి పార్శ్వ దిశలో అన్నాడట. ఎవరి మాట వాళ్ళకి ముద్దు. కమిషనరు ఇద్దర్నీ నొప్పించడం ఇష్టం లేక ఒక ఉపసంఘం వేశాడు. ఉపసంఘం వేశారంటే ఆ పని ఇప్పట్లో తెమలదని మునిసిపాలిటీలో కుర్చీలకి కూడా తెలుసు.

ఆవిడ మాత్రం మాటల్ని మా అమ్మ మీద పరీక్షించేది. నా కత్తిరింపుల బల్ల మీద టేబుల్ ఫ్యాను ఐసు ఫ్యాక్టరీ. దారపు రీళ్ళు ఇళ్ళు. మా అమ్మ చూపుడువేలు మనిషి. ఆవిడ మాట చెప్పగానే అమ్మ వేలు నడవాలి. వేలు బడి రోడ్డులో నుంచి తప్పించుకుంది. మార్కెట్టులో నుంచి తప్పించుకుంది. చివరికి ఆవిడ రీళ్ళతో మా సందు పేర్చింది. మా సందుకి ఒకటే దారి, అది ఫ్యాక్టరీ గేటు ముందుకే తెరుచుకుంటుంది. ఆ చివర ఎత్తైన గోడ. అమ్మ వేలు రీళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి ఫ్యాను ముందుకు వచ్చి ఆగిపోయింది.

మా ఇంటావిడ ఫ్యాను కట్టేసింది.

"అత్తయ్యా, మనం ఇల్లు మారిపోదాం."

"నీతో వేగుతున్నదాన్ని, అమ్మోనియాతో వేగలేనా?" అంది అమ్మ.

నేనూ కదలనన్నాను. కొట్టు అక్కడ, గిరాకీ అక్కడ. కట్టుకున్న ఇల్లు వదిలి గాలికి భయపడి పోవడమేమిటని విసుక్కున్నాను కూడా. మారకపోతే పోనీ, ఆ సందు వాళ్ళు మాత్రం బయటికి రాకుండా తలుపులు మూసుకుని లోపలే ఉండాలని ప్రకటనలో చేర్చమని ఆవిడ కమిటీని అడిగింది. ఊరంతా పొమ్మని, ఒక్క సందుని ఉండమంటే గందరగోళమన్నారు. అదీ ఉపసంఘానికే పోయింది. ఆవిడ రోజూ ఆఫీసుకి వెళ్తూ సందు మొగలో ఆగి, వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు. ఏదో పోగొట్టుకోబోతున్నట్టు చూసేది.

ఉపసంఘం ఒక్కసారైనా కూర్చోకముందే, ఒక మధ్యాహ్నం లీకు నిజంగానే అయింది.

నేను కాజాలు కుడుతున్నాను. మొదట ముక్కులో సూది దిగినట్టయింది, తర్వాత కళ్ళమ్మట ధారగా నీళ్ళు. ఫ్యాక్టరీ వైపు నుంచి కుక్కరు కూతలాంటిది మొదలై ఆగకుండా సాగింది. వీధిలో కాళ్ళ చప్పుళ్ళు. గొడుగూ లేదు, చాపా లేదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు పరుగు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాను. అప్పుడు స్తంభం మీద మైకు గరగరలాడి ఆవిడ గొంతు వచ్చింది.

కమిటీ ఒప్పుకున్న ప్రకటన నాకు కంఠతా వచ్చు, అన్నిసార్లు విన్నాను. ఇది అది కాదు. అందులో అడ్డంగా లేదు, లంబకోణం లేదు. బడి రోడ్డు వాళ్ళు పార్కు వైపు వెళ్ళండి అంది. మార్కెట్టు వాళ్ళు బస్టాండు వైపు వెళ్ళండి అంది. ఏ వీధికి ఆ వీధి పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత మా సందు.

"ఫ్యాక్టరీ పక్క సందులో ఉన్నవాళ్ళు బయటికి రావద్దు. గేటు వైపు అసలు రావద్దు. తలుపులు మూసుకుని, సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. ఫ్యాన్లు కట్టెయ్యండి. తడిబట్ట ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చోండి. నేను చెప్పేదాకా కదలకండి."

పెళ్ళయినప్పటినుంచీ నన్ను ఒక్కచోట కుదురుగా కూర్చోనివ్వని మనిషి, ఊరంతా పరిగెడుతుంటే నన్ను కూర్చోమంటోంది.

మేస్త్రి పెళ్ళాంతో సహా సందులోకి వచ్చేశాడు. నన్ను చూసి ఆగాడు.

"అన్నా, మీ ఆవిడ ఫోన్ చేసిందా?"

అతని లెక్క నాకు అర్థమైంది. మైకులో చెప్పేది ఊరికోసం, ఇంటివాళ్ళకి అసలు సంగతి ఫోనులో చెబుతుంది. ఆ లెక్క నా బుర్రలోనూ తిరుగుతోంది. జేబులో ఫోను తీసి చూశాను. ఏమీ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. కళ్ళు మండుతున్నాయి, అమ్మ దగ్గుతోంది, ఫ్యాక్టరీ గేటు దాటితే పది అంగల్లో పెద్ద రోడ్డు. నా కాళ్ళు నా మాట వినేట్టు లేవు. కోపం వచ్చింది కూడా. ఊరి మీదున్న శ్రద్ధ మా మీద లేదా అనుకున్నాను.

అప్పుడు అమ్మ నా చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్ళి పీట మీద కూర్చుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ అడ్డం నాకు తెలుసు," అంది.

"చేసింది," అన్నాను మేస్త్రితో. "లోపలే ఉండమంది. మా ఇంట్లోకి రండి."

వాళ్ళిద్దర్నీ లోపలికి లాగి తలుపు వేశాను. మర్నాడు ఇవ్వాల్సిన చొక్కాలు, జాకెట్లు, లైనింగు గుడ్డలు, ఏది చేతికందితే అది బకెట్లో ముంచి తలుపు కింద, కిటికీ సందుల్లో కుక్కాం. ఫ్యాను కట్టేశాక గది ఉడికిపోయింది. నలుగురం తడిగుడ్డల్లో ముఖాలు పెట్టుకుని నేల మీద కూర్చున్నాం. కూత ఆగలేదు. మేస్త్రి మాటిమాటికీ నా ఫోను వైపు చూస్తున్నాడు. అది మోగితే నా అబద్ధం బయటపడుతుందని ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. ఆవిడ గొంతు మాత్రం మధ్యమధ్య మైకులో వస్తూనే ఉంది, అదే మాట, అదే నిదానం. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ నిదానం విని ఒళ్ళు మండింది, అయినా ఆ గొంతునే పట్టుకుని కూర్చున్నాను.

ఎంతసేపటికో కూత సన్నగిల్లి ఆగిపోయింది. గొట్టం గారి మనుషులు నీళ్ళు తెరలా చిమ్ముకుంటూ లోపలికి వెళ్ళి వాల్వు కట్టేశారట. తర్వాత తెలిసింది, మార్కెట్టు నుంచి స్కూటరు మీద గేటు ముందుగా దూసుకుపోదామని చూసిన ఒక జంట గేటు దగ్గరే పడిపోయారు. వాళ్ళను మోసుకెళ్ళి, గుడ్డలు తీయించి, నీళ్ళతో కడిగి ఆస్పత్రికి పంపారు. బతికారు గాని, ఊపిరి ఇంకా సరిగా అందడం లేదు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. వస్తూనే కిటికీలన్నీ తెరిచింది, అమ్మ కళ్ళు చూసింది, తలుపు కింద ఉండచుట్టుకుపోయిన చొక్కాలు చూసింది. ప్రకటన మార్చి చదివినందుకు కమిషనరు సంజాయిషీ అడిగాడని చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు ఫోన్ చేశావని మేస్త్రికి చెప్పాను," అన్నాను. ఆ తర్వాతి మాట అనకూడదనుకుంటూనే అనేశాను. "ఒక్కసారైనా చెయ్యలేదు నువ్వు."

ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. మైకులో ఒక్కసారీ తడబడని గొంతు అప్పుడు తడబడింది.

"మీ నంబరు నొక్కి కట్ చేశానండీ. మైకులో అయితే సందుకి ఏది మంచిదో అది చెప్పగలిగాను. ఫోనులో మీ గొంతు వినుంటే, అత్తయ్యని తీసుకుని పరిగెత్తండి అనేదాన్ని."

పరిగెత్తితే ఎక్కడికి వచ్చేవాళ్ళమో ముగ్గురికీ తెలుసు. అమ్మ పీట మీద నుంచి చెయ్యి చాపి ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది, కూర్చోమన్నట్టు. ఆవిడ వల్ల కాలేదు. అందుకని నేనే లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.