తాళాలమ్మ పావుగంట

పిల్లలకు చదువు చెప్పే సంఘం, పెద్దలకు చెప్పే సంఘం ఒకే హాలును పంచుకున్నాయి గాని చాకిరీని పంచుకోలేదు, అదంతా హాలు తాళాలు చూసే తాళాలమ్మదే. పిల్లల చదువు ముగిసి పెద్దల చదువు మొదలయ్యేలోపు, పావుగంటలో బుల్లి కుర్చీలు గోడకు నెట్టి, పెద్దవి లాగి, అడ్డొచ్చినవాళ్లనల్లా కసురుతుంది. కాలు ఒకచోట నిలవదు. నిన్న వానకు పిల్లలను తీసుకెళ్లడానికి ఎవరూ రాక, వాళ్లంతా హాల్లోనే ఉండిపోయారు. "ఇవాళ చోటు లేదు," అని మాస్టారు పెద్దలను గుమ్మంలోనే ఆపాడు. వాళ్లలో ఇస్త్రీ చేసే అవ్వ మాత్రం కదల్లేదు. "రేపే నాయనా, మనవరాలిని బడిలో చేర్చేది! వేలిముద్ర వెయ్యను, సంతకం పెడతానని దానికి మాటిచ్చాను." తాళాలమ్మ అవ్వను రెక్క పట్టి లాక్కొచ్చి బుల్లి కుర్చీలో కూలేసింది. "ఒసేయ్ పంతులమ్మా, మామ్మ చేత పేరు రాయించవే!" అంది పక్కనున్న పిల్లతో. "వంకరపోయింది మామ్మా, మళ్లీ రాయి," అంది పిల్ల. ఎట్టకేలకు పేరు కుదిరింది. "ఇక లేవండి, ఊడ్వాలి," అంటూ తాళాలమ్మ చీపురు తీసింది. అవ్వ వినకుండా ఇంకోసారి రాయడం మొదలుపెట్టింది. తాళాలమ్మ ఆ కుర్చీ చుట్టూ మాత్రం వదిలేసి హాలంతా ఊడ్చి, మళ్లీ గుమ్మం దగ్గర నుంచి ఊడ్వసాగింది.