జలగండం ఉన్న పిల్లతో హక్ల్ సముద్రానికి

మా సిరికి తొమ్మిదేళ్ళు. కొన్ని నెలల క్రితం ఒక సాయంత్రం బాత్‌రూమ్ తలుపు బార్లా తెరిచి పెట్టి స్నానం చేస్తోంది. ఇదేమిటే అని అడిగితే, "నేను నీళ్ళలో చచ్చిపోతానటగా, అమ్మమ్మ నీతో ఫోన్లో అంటుంటే విన్నాను" అంది. రాజమండ్రిలో మా అమ్మ నమ్మే సిద్ధాంతిగారు సిరి జాతకంలో జలగండం ఉందనీ, పన్నెండేళ్ళు నిండేదాకా నీళ్ళ దరిదాపులకు పంపవద్దనీ చెప్పారట. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు నాకూ ఇదే గండం రాశారు. గోదావరి ఒడ్డున పుట్టి కూడా, పుష్కరాల్లో ఊరంతా మునకలు వేస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని చెంబుతో నెత్తిన నీళ్ళు పోయించుకున్నాను. ఈత రాకపోతే ఎవరైనా మునుగుతారన్న సంగతి మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

నేను తబూక్‌లో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సౌదీలో సోదె, జాతకం చెబితే నేరం. అయినా మాకేం లోటు లేదు, వాట్సాప్‌లో వచ్చేస్తాయి. మర్నాడే ఆడవాళ్ళ జిమ్‌లో ఉన్న ఈతకొలనులో మా ఇద్దరి పేర్లూ రాయించాను. మా ఆయన "మీ అమ్మా నువ్వూ తేల్చుకోండి" అని తప్పుకున్నారు. తల్లీకూతుళ్ళం కొన్ని నెలల పాటు పిచ్చిగా నీళ్ళు మింగి, చివరికి నేర్చుకున్నాం. కానీ సిరి ఎప్పుడూ గట్టుకు చెయ్యి అందేంత దూరంలోనే ఈదేది. "ఇది కొలను కాబట్టి సరే. సముద్రంలో అయితేనో?" అనేది. ఆ భయం దాని ఒంట్లోంచి పోవాలంటే సముద్రానికే తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. తబూక్ నుంచి ఎర్రసముద్రం ఒడ్డునున్న హక్ల్‌కు దాదాపు రెండు వందల ముప్పై కిలోమీటర్లు, రెండున్నర గంటలు పడుతుంది. కడప వైపు మనిషి ఖాదర్ భాయ్ తన కారులో పోనూ రానూ, అక్కడ ఆగడంతో కలిపి ఐదు వందల రియాళ్ళకు ఒప్పుకున్నారు. ఊరు దాటాక పెట్రోలు బంకులు తక్కువ, ముందే ట్యాంకు నింపించుకోండి. కొండల మధ్య నుంచి పోయే ఆ దారిలో సిరి నిద్రపోయింది, నేను ఆయనకు సంగతంతా చెప్పాను.

"మా తట్టు గూడా ఉండారు మేడం ఇట్లాంటోళ్ళు," అన్నారు ఖాదర్ భాయ్. "నువ్వు సౌదీకి పోతే మళ్ళా రావు అని మా ఊర్లో ఒకాయన చెప్పినాడు. మా యమ్మ నెల దినాలు ఏడ్చింది. నేను రెండేండ్లకోసారి పోయి వస్తానే ఉండా."

"మరి ఇప్పుడు ఆయనేమంటాడు?"

"కనపడితే బాగుండావా అంటాడు. ఆ మాట మాత్రం ఎత్తడు."

హక్ల్ తీరంలో ఉదయం నీళ్ళు కదలకుండా ఉన్నాయి, అవతలి ఒడ్డున ఈజిప్టు కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు, సిరికి లైఫ్ జాకెట్ ఇంటి నుంచే తెచ్చుకున్నాం. దాని ఛాతీ లోతుకు వెళ్ళేసరికి నా చెయ్యి నొక్కేసింది. "ఇక్కడ గట్టు లేదుగా, ఏం పట్టుకోను?" అంది. "నన్ను పట్టుకో. నీకు వదలాలనిపించినప్పుడు వదులు" అన్నాను. చాలాసేపు వదల్లేదు. నాకూ భయం వేసింది, అబద్ధం చెప్పను. చిన్నప్పుడు నూరిపోసిన భయం అంత తేలిగ్గా వదలదు. ఉన్నట్టుండి నా వేళ్ళు ఖాళీ అయ్యాయి. సిరి ఆకాశం వైపు ముఖం పెట్టి తేలుతోంది. నాకు ఏడుపొచ్చింది.

ఒడ్డుకు వస్తున్నప్పుడు పగడపు రాయి మీద కాలు వేసి అరికాలు కోసుకుంది. రక్తం చూడగానే దాని ముఖం పాలిపోయింది. "ఇదేనా అమ్మా గండం?" అని అడిగింది. మంచినీళ్ళతో కడిగి, ప్లాస్టర్ వేసి, ఆ రాయి దగ్గరికే మళ్ళీ తీసుకెళ్ళి దాని అంచు చూపించాను. వేలితో తాకి చూసింది.

మధ్యాహ్నం ఊళ్ళో చిన్న హోటల్లో భోంచేశాం. వేయించిన చేప, అన్నం మనిషికి ముప్పై రియాళ్ళు. వడ్డించడానికి వచ్చిన బంగ్లాదేశీ వంటాయన సిరి కాలు చూసి "క్యా హువా బేటీ?" అన్నాడు.

"పత్థర్ లగా అంకుల్," అని రాయి తగిలిన సంగతి చెప్పి అది చేప తినడంలో పడింది.

నేను పంపిన ఫొటోలు చూసి అమ్మ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను. ముందు తిట్టింది, తరవాత కాలి సంగతి విని వెంటనే సిద్ధాంతిగారిని అడిగి మళ్ళీ చేసింది. గొంతులో ఎంత సంతోషమో! "ఒసేయ్, రక్తం చిందింది కదా, పెద్ద గండం ఆ దెబ్బతో పోయిందటే! ఇక పిల్లని నీ ఇష్టం వచ్చినట్టు ఈదించుకో" అంది.

ఊ అంటే చాలు, గొడవ అక్కడితో తీరిపోతుంది. అమ్మా సంతోషిస్తుంది, సిరి ఈతకూ అడ్డుండదు. పిల్ల మునిగితే ఆయన చెప్పినట్టే జరిగిందంటారు, తేలితే గండం తప్పిందంటారు. ఆయన ఓడిపోయే దారి ఎక్కడుంది? సిరి తినడం ఆపి నా వైపే చూస్తోంది.

"గండం పోలేదమ్మా," అన్నాను. "అసలు లేదు. నాకూ లేదు."

అమ్మ ఫోన్ పెట్టేసింది. వారం దాటినా ఇంకా చెయ్యలేదు. బాధగానే ఉంది, అయినా ఆ మాట వెనక్కి తీసుకోను. నీళ్ళలో చేతులూ కాళ్ళూ ఆడించింది నా కూతురు. ఆ ఘనత ఎవరో ఫోన్లో కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోలేను. నిన్న అది బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని గంటసేపు స్నానం చేసింది. బయటికి రమ్మని నేనే అరవాల్సి వచ్చింది.

హక్ల్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: నీళ్ళలో దిగేటప్పుడు మందపాటి అడుగున్న రబ్బరు బూట్లు వేసుకోండి. అక్కడ పగడపు రాళ్ళు పదునుగా ఉంటాయి, ఏ నక్షత్రంలో పుట్టినా కాలు తెగుతుంది.