నాసిరకం శీలావతి

ఆ రోజుల్లో నాకు తెలియని సరుకు భూమ్మీద లేదు. అంటే, ఉంటే ఉండొచ్చు, నేను మాత్రం ఒప్పుకునేవాణ్ణి కాదు. కర్నూలులో అంగళ్ల మధ్య పుట్టి పెరిగినవాడికి నడకతోపాటే అబ్బే విద్య ఒకటుంది. ఎవరు ఏం తెచ్చి ముందు పెట్టినా మొదట దాని రకం పేరు చెప్పాలి, ఆ వెంటనే పెదవి విరవాలి. ఊరికే పెదవి విరిస్తే ఎదుటివాడు లెక్కచేయడు. పేరు చెప్పి విరిస్తే సగం దిగివస్తాడు. మామిడికాయ బుట్టలో ఉండగానే "బంగినపల్లే గానీ, చివరి కోత" అనేవాణ్ణి. (చివరి కోతో, మొదటి కోతో దేవుడికెరుక.) ఇరవై రెండేళ్లకే మేనమామగారి విత్తనాల అంగట్లో పెద్దమనిషిలా కూర్చున్నానంటే ఈ విద్య చలవే.

దసరా దాటిన రోజులు. మామ ఎవరిదో పెళ్లికని రాయచోటికి పోయాడు. మధ్యాహ్నం నేనొక్కణ్ణే ఉండగా హెడ్డు కానిస్టేబులు మనిషెత్తు మొక్కనొకదాన్ని వేళ్లతో సహా పట్టుకుని వచ్చాడు. ఆయన వెనకాల ఎదురంగడి బజ్జీల భాయ్, శనగపిండి చేతులతోనే. భాయ్ పెరట్లో గంజాయి పెంచుతున్నాడని ఎవరో ఫోన్ చేశారట.

"ఏమప్పా చిన్నశెట్టీ, విత్తనాలోళ్లు గదా మీరు. ఇది అదేనా? ఫోన్లో బొమ్మ జూస్తే అచ్చం ఇట్లే ఉండాది. నువ్వు ఔనంటే భాయ్‌ని స్టేషనుకు తీసకపోవాల" అన్నాడు హెడ్డు.

"పుంటికూర సార్ అంటే ఇనడంలేదు బేటా. నువ్వన్నా చెప్పు" అన్నాడు భాయ్.

పుంటికూర, అదే గోంగూర, నాకు తెలియదా? వారానికి రెండుసార్లు పప్పులో తింటాను. గుండ్రటి ఆకు, జానెడు కట్ట. ఇదేమో చేతివేళ్లలా అయిదుగా చీలిన ఆకు, అంచున రంపపు పళ్లు. గంజాయి మొక్కను నేను జన్మలో చూసి ఎరగను. తెలియదు అనాల్సింది. కానీ ఆ మాట మా వంశంలో ఎవరి నోటా వచ్చినట్టు లేదు. పేపర్లో ఎప్పుడో చదివిన గంజాయి రకం ఒకటి నాలుక చివరకు వచ్చి నిలబడింది.

"శీలావతి" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. అలవాటు ఆగనిస్తుందా? "కానీ నాసిరకం సార్. ఆకు ముతక, కాడ లావు. మంచి శీలావతి ఇట్లుండదు."

హెడ్డు జేబులోంచి పుస్తకం తీసి ఆ పేరు నిదానంగా రాసుకున్నాడు. రాసుకుని తలెత్తాడు. "మంచిది ఎట్లుంటాదో నీకెట్ల తెలుసప్పా? యాడ జూసినావు?"

భాయ్‌ని జైలుకు పంపడమే కాక, ఆయన పక్కనే నా పరుపు కూడా నేనే పరచుకున్నానని అప్పుడు అర్థమైంది. తెలిసిన విద్య ఒక్కటే కదా, బేరానికి దిగాను.

"అంత గంజాయి కాదేమో సార్."

"అంటే?"

"అంటే... సగం."

"సగం గంజాయి ఏందప్పా? సగం కేసు రాసుకోమంటావా?"

భాయ్ నా మొహంలోకి చూశాడు. చిన్నప్పటినుంచీ నాకు బాగా వేగిన బజ్జీ ఏరి ఇచ్చిన మనిషి. "ముగ్గురు పిల్లోళ్లు బేటా నాకు" అన్నాడు మెల్లగా. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇంతలో భాయ్ భార్య, మా వీధి అందరికీ చాచీ, చిల్లిగరిటెతోనే రోడ్డు దాటి వచ్చింది.

"యా నోటితో అన్నావురా గంజాయని? ఇత్తనానికి వదిలిన చెట్టురా ఇది! లేతప్పుడు గుండ్రంగా ఉండే ఆకే పైకి పోయేకొద్దీ ఇట్ల చీలతాది. కట్టలు కొని తినేటోనికి చెట్టు యాడ తెలుస్తాది?" అని హెడ్డు వైపు తిరిగింది. "పొద్దున బజ్జీల్లోకి ఇంకొంచెం ఎయ్యమ్మా అని రెండుసార్లు అడిగి తింటిరే ఊరిబిండి పచ్చడి, అది దీని పక్క చెట్టు ఆకే సార్. ఎక్కిందా మత్తు?"

హెడ్డు చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

చాచీ ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టింది. "నమలు."

కళ్లు మూసుకుని నమిలాను. (నిజంగా శీలావతే అయితే మామకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.) పులుపు! పళ్లు జివ్వుమనే పులుపు. లడ్డూ కూడా నా నోటికి అంత తీపిగా ఎన్నడూ తగల్లేదు.

"పుంటికూర సార్! ఉత్త పుంటికూర!" అని అరిచాను.

హెడ్డు తనూ ఒకటి నమిలాడు. నమ్మకం కుదరక ఇంకొకటి నమిలాడు. పుస్తకంలో కాగితం చించి ఉండచుట్టి, "పేరు మాత్రం బాగ జెప్పినావప్పా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

భాయ్ విత్తనాల మూట మీద కూలబడి భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తిట్లకు సిద్ధంగా తల వంచుకుని నిలబడ్డాను.

"బేటా, ఒక్కటడుగుతా, నిజం చెప్పు" అన్నాడు. "నాసిరకం అంటివే... నిజంగానే నాసిదా నా చెట్టు? మా అత్త ఆదోని నుంచి తెచ్చిచ్చిన ఇత్తనం."

"ఫస్టు క్లాసు భాయ్" అన్నాను. ఒకరి సరుకును బేరం లేకుండా మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

ఇప్పుడా అంగడి నాది. రైతులు ఆకులు తెచ్చి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "తెలీదప్పా, వ్యవసాయ ఆఫీసరుకు చూపించు" అంటాను. హాయిగానే ఉంటుంది. అయినా దేనికైనా అర నిమిషంలో పేరు పెట్టగలిగిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఎదురుపడితే అంగడి తాళాలు మాత్రం ఇవ్వను గానీ, పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్లేటు బజ్జీలు తినిపిస్తాను.