కింది వాటా పిన్నిగారు

ఆ డ్రైవరు మొదటి బస్సు తీసేది తెల్లవారుజామున అయిదింటికి. పాప పుట్టి నాలుగు నెలలైనా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఒకరోజు సిగ్నల్ దగ్గర స్టీరింగు మీదే తూలిపోయాడు. "అన్నా, పచ్చ పడింది!" అని కండక్టరు అరిచేసరికి కళ్లు తెరిచాడు. వెనక నలభైమంది ఉన్నారు. ఆ పూటే డిపోలో నిజం చెప్పి బండి దిగాడు. కొన్నాళ్లు టికెట్ కౌంటర్లో కూర్చోమన్నారు.

కింది వాటాలో ఉండే పెద్దావిడ ముప్ఫయ్యేళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. మెట్ల మీద అతని వాలకం చూసి ఆపింది.

"ఏం నాయనా, అలా పీక్కుపోయావు?"

"పాప, పిన్నిగారూ. పగలంతా కుంభకర్ణుడి చెల్లెలు, రాత్రయితే జాగారం."

"కుంభకర్ణుడి చెల్లెలంటే శూర్పణఖరా! బంగారంలాంటి పిల్లని పట్టుకుని అదేం మాట?" అంటూ అతని వెంటే పైకొచ్చింది.

మిట్టమధ్యాహ్నం గదిలో కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. ఆవిడ వాటిని బర్రున లాగేసింది. "పగలు చీకటి చేస్తే, రాత్రెప్పుడో దీనికెలా తెలుస్తుంది?" ఉయ్యాల మంచంలోని దిండ్లు, మెత్తలు తీసేయించింది. పాపను వెల్లకిలానే పడుకోబెట్టమంది. సాయంత్రం స్నానం, పాలు, తగ్గించిన దీపం, రోజూ అదే వరస. "కాస్త మూలగ్గానే ఎత్తేసుకోకండి. దాని గుండె మీద చెయ్యేసి జోకొట్టి చూడండి. ఆకలైతే అది వేరే సంగతి."

మూడు రోజులైనా గుణం కనబడలేదు. నాలుగో రోజు డ్రైవరు భార్య వంటింట్లో కూలబడి ఏడ్చేసింది. "నాకే చేతకావట్లేదు పిన్నిగారూ."

ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. "మా పెద్దాడప్పుడు నేనూ ఇలాగే ఏడ్చానమ్మా. నర్సునై ఉండి ఇంకొకరిని అడగడమేంటని సిగ్గుపడి, నోరు మూసుకున్నాను. నువ్వు నయం, నోరు విప్పావు. వెళ్లి పడుకో, పాపని నేను చూస్తాను."

తొమ్మిదో రాత్రి పాప ఒక్కసారే పాలకు లేచి, మళ్లీ తెల్లారేదాకా పడుకుంది. ఉలిక్కిపడి లేచింది అమ్మానాన్నలే. ఊపిరి ఆడుతోందా అని ఇద్దరూ ఒకేసారి వంగారు, తలలు ఢీకొన్నాయి. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

మరో వారానికి అతను మళ్లీ బస్సెక్కాడు. పిన్నిగారికి కృతజ్ఞతలు చెబుదామని వెళ్లి, గుమ్మం దగ్గరున్న నీళ్ల డబ్బా ఎత్తి లోపల పెట్టి వచ్చాడు. ఇప్పుడు ఆవిడ ఎంత వద్దన్నా నీళ్ల డబ్బా మోసిపెట్టేది అతనే.

"నడుం పట్టేస్తుందిరా, దించు" అంటుందావిడ.

"కంటినిండా నిద్రపోయినవాణ్ణి పిన్నీ, ఇదెంత!"