ముందు పరుగెత్తింది ఎవరు?

ఆఫీసులో ఆవిడని అందరూ స్టాప్‌వాచ్ అంటారు. లిఫ్టు దిగడానికి ఎంతసేపు పట్టిందో, మేనేజరు నవ్వడానికి ఎంతసేపు పట్టిందో కూడా కొలిచే మనిషి. అద్దె ఇళ్లు చూపించే ఆ కంపెనీలో ప్రకటనలు రాయడానికి చేరింది. సర్వర్ చూసుకునే ఆయన ఉన్నట్టుండి మానేసి, వెబ్‌సైట్ కుప్పకూలిన రోజున, తెలిసినవాళ్లెవరూ లేక తనే పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అడిగినవాళ్లకి పేజీలూ ఫొటోలూ అందించే ఆ పాత సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని బతిమాలి, బుజ్జగించి లేపింది. అప్పట్నుంచీ దాన్ని ‘పెద్దోడు’ అంటుంది. అదే పని చెయ్యడానికి మార్కెట్లోకి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ‘చిన్నోడు’.

ఇద్దరినీ పోల్చి రాయమని ఒక కంప్యూటర్ పత్రిక అడిగింది. ఆవిడ రాత ముఖచిత్ర కథగా రావడం ఇదే మొదలు. ఎడిటరు ఒక్కటే షరతు పెట్టాడు: “విజేత ఎవరో తేల్చాలి మేడమ్. తేలకపోతే కవర్ మీద వెయ్యలేను.”

తేలిపోయింది కూడా. ఇంటి హాల్లో కంప్యూటర్ పెట్టి, ఆన్ చేసినప్పుడల్లా ఒకరి తర్వాత ఒకర్ని అవే ఫొటోలు అందించమని ఎన్నిసార్లు పరుగు పెట్టించినా చిన్నోడే గెలిచాడు, అదీ అలా ఇలా కాదు, పెద్దోడికి ఊపిరాడనివ్వకుండా. మరిది ఎగిరి గంతేశాడు. చిన్నోడంటే అతనికి ప్రాణం.

“చెప్పానా వదినా! నీ పెద్దోణ్ణి ఇక మూలన కూర్చోబెట్టు.”

ఆదివారం పొద్దున, వ్యాసంలోకి తెర మీది బొమ్మ కావాలని ఆవిడ పెద్దోణ్ణి ఊరికే ఇంకోసారి నడిపింది. అంతకు క్షణం ముందే చిన్నోడి పరుగు ముగిసింది, కంప్యూటర్ ఇంకా ఆపలేదు. పెద్దోడు రయ్యిమని దూసుకుపోయాడు! ఆవిడ కళ్లు నులుముకుంది.

“ఇదేంటి? ఇంతకుముందు ఎప్పుడూ... ఆగు. నేను ఎప్పుడూ పెద్దోణ్ణే కదా ముందు నడిపేది?”

“ఓడిపోయాక వంకలా?” అన్నాడు మరిది. “పుట్టింటి సామానులాగా దాన్ని వెనకేసుకొస్తావేంటి వదినా!”

ఆ మాట గుచ్చుకుంది. నిజమే, పెద్దోడంటే తనకి ఆపేక్ష. అందుకే సందేహం పుట్టిందా? తన మనసు మీద తనకే నమ్మకం లేనప్పుడు తీర్పు ఇంకెవరో చెప్పాలి.

“అత్తయ్యా, ఒకసారి ఇలా రండి!”

మరిదితో తెర మీద రెండు బటన్లు పెట్టించింది. ఏది ఎవరిదో ఆ గుట్టు అతనొక్కడికే తెలుసు. ఏది ముందు నొక్కాలన్నది పూర్తిగా అత్తగారి ఇష్టం.

“ఏది నొక్కినా తిట్టకూడదు మరి,” అంటూ అత్తగారు కళ్లజోడు సర్దుకుని నొక్కింది. ఒకసారి ఎడమది ముందు, ఇంకోసారి కుడిది ముందు. ఎప్పటిలాగే పోటీకీ పోటీకీ మధ్య కంప్యూటర్ ఆపి వేశారు. మూడోసారికి మరిది మొహంలో నవ్వు వాడిపోయింది. ఐదోసారికి కుర్చీ లాక్కుని దగ్గరికి జరిగాడు.

“వదినా... ఎవడు వెనక నడిస్తే వాడే గెలుస్తున్నాడు!”

“అదీ సంగతి!” స్టాప్‌వాచ్ చప్పట్లు కొట్టింది. “ముందు నడిచినవాడు ఫొటోలన్నీ డిస్కులోంచి ఒక్కొక్కటీ తవ్వి తీసుకోవాలి. ఒకసారి బయటికొచ్చాక కంప్యూటర్ వాటిని మెమరీలో చేతికందేలా ఉంచుకుంటుంది. వెనకవాడికి అంతా వడ్డించిన విస్తరే.”

“ఓస్, ఇంతేనా!” అంది అత్తగారు. “మా అత్తగారిని దారికి తెచ్చింది నేను. సుఖపడింది నా తోడికోడలు. ఊళ్లోవాళ్లంతా మాత్రం దాన్నే పనిమంతురాలన్నారు!”

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పోటీకొకసారి కాకుండా, ఇద్దరిలో ఎవరి పరుగుకైనా ముందు, మెమరీ ఖాళీ అయ్యేలా కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ వచ్చారు. జనం ఒక్కసారిగా సైట్ మీద ఎగబడితే మాత్రం చిన్నోడు కాస్త ముందు. ఆవిడ మనసు చివుక్కుమంది, అయినా ఉన్నదున్నట్టే రాసుకుంది.

ఫోన్లో ఎడిటరు నిట్టూర్చాడు. “అంటే విజేత లేనట్టేగా? ‘కొత్త సర్వర్ దెబ్బకి పాతది ఔట్’ అని కవర్ సిద్ధమైపోయింది మేడమ్. అందరూ అదే రాశారు కూడా.”

“అందరూ పాతదాన్నే ముందు నడిపి ఉంటారు సార్, నాలాగే. మీ ఆఫీసులో ఒక్కసారి తిప్పి చూడండి. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే కొత్తది ముందు, పాతది వెనక.”

“చూస్తాలెండి,” అని ముక్తసరిగా పెట్టేశాడు.

కవర్ పోయినట్టేనని మరిది గొణిగాడు. ఆవిడ గోళ్లు కొరుక్కుంటూ హాల్లో అటూ ఇటూ తిరిగింది. భోజనాల వేళకి ఫోన్ మోగింది. అవతల ఒకటే గోల, “మళ్లీ తిప్పు! మళ్లీ!” అని ఎవరో అరుస్తున్నారు.

“మేడమ్!” ఎడిటరు గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. “పాతది గెలిచింది! తిప్పితే కొత్తది గెలిచింది! ఆదివారం పూట అందర్నీ ఆఫీసుకి పిలిపించాను, ఒక్కడూ భోజనానికి లేవడం లేదు. ఆ కవర్ తీసి పారేస్తున్నాం. మీదే వేస్తాం, ఈ తిరకాసు గురించే. ఎన్ని పేజీలు కావాలి?”

ఆవిడ మరిది వైపు చూసింది. అతను రెండు చేతుల వేళ్లూ విప్పి చూపిస్తున్నాడు.

“పది ఇవ్వండి సార్,” అంది, నవ్వాపుకోలేక. “తీర్పు చెప్పింది మా అత్తగారని రాయడానికే ఒక పేజీ పడుతుంది.”