పట్టుకు తగిన చేతులు

చలి మొదలైతే మా వీధి దర్జీ వేళ్ల కొసలు పగులుతాయి. పగిలిన చర్మం తగిలితే పట్టులో పోగు లేస్తుంది. నూనె రాసుకుంటే బట్టకు మరక. ఈసారి ఆమె బల్ల మీద పెళ్లికూతురి తెల్లపట్టు గౌను ఉంది. చేతులు నున్నబడకపోతే దాన్ని వేరే దర్జీకి పంపక తప్పదు.

లేపనం ఆమె తానే చేసుకుంది. బాదం నూనెలో తేనెమైనం కరిగించి, చల్లని పన్నీరు పోసింది. అది విరిగిన పాలలా ముక్కలైంది.

ఇస్త్రీ చేస్తున్న ఆడపడుచు నవ్వింది. "వదినా, గౌను కుడతావనుకుంటే పాలు విరగ్గొడుతున్నావా?"

"నవ్వు నవ్వు. రేపు నీ పగిలిన మడమలు పట్టుకుని నా దగ్గరికే వస్తావుగా!"

మళ్లీ పొయ్యి వెలిగించింది. ఈసారి పన్నీరు కూడా వెచ్చబెట్టి, సన్నని ధారగా పోస్తూ, చల్లారేదాకా గిలకొట్టింది. గిన్నెలో వెన్నలాంటి తెల్లని ముద్ద నిలిచింది.

నాలుగు రోజులు పడుకునే ముందు రాసుకుంది. ఆ తర్వాత ఒక ఉదయం, కత్తిరించగా మిగిలిన పట్టుముక్క మీద అరచేతిని ఈ కొస నుంచి ఆ కొసకు లాగింది. పోగు లేవలేదు. ఆడపడుచు ఆ ముక్కను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా మరక లేదు.

"ఆ గిన్నె ఎక్కడ పెట్టావు వదినా?" అంది, చెప్పులు విప్పుతూ.

దర్జీ గౌను ఒళ్లోకి లాక్కుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"కిటికీలో ఉంది. రాసుకున్నాక చేతులు కడుక్కునే ఇటు రా."