కాసినోలో నిద్ర

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు, నిద్రకు ఎక్కడికి పోదామని అడిగితే అమ్మ "కాసినోకు" అంది.

మా వైపు చావు జరిగిన ఇంటివాళ్ళు కర్మలన్నీ అయ్యాక ఒక రాత్రి బయట పడుకుని రావాలి. దాన్నే నిద్ర చేయడం అంటారు. చుట్టాల ఇంటికి పోతారు, లేదంటే ఏదైనా గుడికి పోయి సత్రంలో పడుకుంటారు. పొద్దున లేచి ఎవరికీ వెళ్ళొస్తామని చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. మధిరలో మేనమామ ఇల్లు సిద్ధంగా ఉంది. మేనత్తలు పర్ణశాల అన్నారు. అమ్మ కాసినో అంది. వేంసూరులో మా వరండాలో కూర్చున్న చుట్టాలంతా నా వైపు చూశారు, ఈ ఆలోచన నేనే ఆమె బుర్రలో పెట్టినట్టు.

కాసినో అంటే భద్రాచలం దాటాక, అడవి మొదలయ్యే దారిలో ఉన్న ఒక లాడ్జి. దాని ఓనరు ఒకసారి గోవా పోయొచ్చి, పాత బోర్డు పీకేసి ఆ పేరు రాయించాడు. పేరు ఎంత గొప్పదైనా జరిగేది కింద హాల్లో రమ్మీయే. పామాయిల్ గెలలు అమ్మిన వారం, శనివారం మధ్యాహ్నం నాన్న స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. వెళ్ళొస్తానని చెప్పేవాడు కాదు. చెబితే ఎక్కడికని అమ్మ అడుగుతుంది.

"మనింట్ల ఎవరు చచ్చిర్రని గట్ల చప్పుడు చెయ్యకుండ పోతడు?" అని అమ్మ పొయ్యి దగ్గర గొణిగేది.

ఆదివారం సాయంత్రం మెడ పట్టుకుని వచ్చేవాడు. అటూ ఇటూ తిప్పలేడు. అమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి రాసేది, రాస్తూనే మాటలతో కడిగేసేది. "రాత్రంత ముక్కలు చూసుకుంట వంగి కూసుంటే పట్టక ఏం చేస్తది?" నాన్న కళ్ళు మూసుకుని, లాడ్జిలో తను దిగే గది గొప్పలు చెప్పేవాడు. చల్లటి ఏసీ అట. మనిషి దిగబడిపోయే పరుపు అట. కిటికీ తీస్తే గోదారి అట. నన్నూ ఒకసారి తీస్కపో అని అమ్మ అంటే, "ఆడోళ్ళు వచ్చే జాగ కాదది" అనేవాడు. కొన్నేళ్ళకు పేకాట బంద్ అయింది. నాన్న మెడనొప్పి కూడా పోయింది. ఆట మానాడు కాబట్టి పోయిందని అమ్మ తీర్పు ఇచ్చింది, మేమూ ఒప్పుకున్నాం.

ఇప్పుడు నాన్నే లేడు. అమ్మ ఏడవలేదు. పాడె లేచినప్పుడూ ఏడవలేదు, గాజులు తీసినప్పుడూ ఏడవలేదు. మేనత్తలు చాటుగా రాయి అన్నారు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ ఏడుపు లోపలే ఉండిపోతే ఏమవుతుందోనని.

"ఆ గదిల ఏమున్నదో చూడాలె బిడ్డా. ఇల్లు విడిచి, నన్ను విడిచి అన్నేండ్లు పోయిండు. చూడంది నాకు ఏడుపు రాదు" అంది అమ్మ.

కారు నేనే నడిపాను. అమ్మ ఒళ్ళో బూరుగుదూది దిండు ఉంది. నాన్న కోసం తన చేత్తో కూరి కుట్టింది. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదని అన్నీ ఇచ్చేశారు గానీ, ఆ దిండు మాత్రం అమ్మ చేతిలోంచి ఎవరూ తీసుకోలేకపోయారు.

మేం చేరేసరికి ఇంకా ఎండ ఉంది. బోర్డు మీద పేరు సగం వెలిసిపోయింది. రమ్మీ ఆడిన హాల్లో ఇప్పుడు పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే కుర్చీలు, షామియానా గుడ్డలు కుక్కి ఉన్నాయి. మేనేజరు మమ్మల్ని పైకి తీసుకెళ్ళాడు. నాన్న ఎప్పుడూ దిగేది ఈ మూల గదిలోనేనని, ఆయన పేరు చెప్పగానే గుర్తుపట్టి చెప్పాడు.

తలుపు తీయగానే ముక్కిన వాసన. ఏసీ ఉంది, పనిచేయదు. అది పెట్టినప్పటి నుంచీ అంతేనని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పాడు. గోడ మీద చెమ్మ పటాలు కట్టింది. ఎర్ర దుప్పటి నిండా సిగరెట్లు కాల్చిన చిల్లులు. బాత్రూములో నల్లా తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్ళు వచ్చాయి. ఇంతకంటే మా పశువుల కొట్టం నయం అనుకున్నాను. అద్దం మాత్రం పెద్దది, బంగారు రంగు అంచుతో. గోవా నుంచి వచ్చింది అదొక్కటే కావచ్చు.

అమ్మ ఇవేవీ చూడలేదు. నేరుగా పోయి కిటికీ తీసింది. ఎదురుగా పక్క గోడౌను గోడ.

"గోదారి కనపడే రూం ఏది?" అని అడిగింది.

"ఏ రూంలకెళ్ళీ కనపడదమ్మా. అది చాన దూరం" అన్నాడు మేనేజరు.

అమ్మ మంచం మీద కూర్చుంది. అది కిర్రుమంది. దిగబడే పరుపు అన్న మాట నిజమే, మధ్యలో స్ప్రింగులు విరిగి గొయ్యి పడింది. నాకు చనిపోయిన మనిషి మీద పట్టరాని కోపం వచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు, ఈ కొంపకు అంత ముస్తాబై వచ్చినందుకు. అదే మాట పైకి అనేశాను.

"నువ్వు ఊకో" అంది అమ్మ.

లాడ్జి దిండు తీసి రెండు చేతులతో నొక్కి చూసింది. కొబ్బరి పీచు. గట్టిపడి గడ్డలు కట్టి ఉంది. మెల్లగా దాని మీద తల పెట్టుకుని గోడవైపు తిరిగింది. బూరుగుదూది దిండు పక్కన ఖాళీగా పెట్టింది. అది వేసుకో అన్నాను. వినలేదు. నేను కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. ఏడుస్తుందేమోనని చెవి అటే పెట్టుకున్నాను, ఏమీ వినపడలేదు.

పొద్దున మొహం కడుక్కుని, ఆనవాయితీ ప్రకారం చప్పుడు చేయకుండా బయటపడ్డాం. మెట్లు దిగుతుంటే అమ్మ చేతులు ఖాళీగా కనిపించాయి.

"అమ్మా, దిండు మర్చిపోయినవ్."

"మర్చిపోలే. ఆణ్ణే ఉండని."

మేం కారు ఎక్కబోతుంటే మేనేజరు పైనుంచి కేకేశాడు. "అమ్మా, మీ దిండు!" అమ్మ వెనక్కి తిరగలేదు. నిద్రకు పోయినవాళ్ళు తిరగకూడదు కాబట్టి అనుకున్నాను.

భద్రాచలం బ్రిడ్జి మీదికి వచ్చేసరికి ఎండ పడి గోదారి మెరుస్తోంది. "చూడమ్మా గోదారి, ఇదన్నా చూడు" అన్నాను. అమ్మ నా పక్క సీట్లో బిగుసుకుని కూర్చుని ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది. తల కొంచెం తిప్పబోయి ఆగిపోయింది. చెయ్యి మెడ మీదికి పోయింది.

"తిరుగుతలేదు బిడ్డా. పట్టేసింది" అంది. "ముక్కలు చూసుకుంట వంగినందుకు కాదే. ఆ లాడ్జి పీచు దిండుకు. అన్నేండ్లు ఆయనను ఊకెనే తిట్టిన."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పి ఆమె మెడ వైపు చూశాను.

"ఇంటికి పోయినంక కొంచెం నూనె రాయి" అంది. ఆ మాట అంటూనే ఏడుపు మొదలైంది. మెడ కదపకుండా, రోడ్డు వైపే చూస్తూ, పెద్దగా ఏడ్చింది. నేను కారు నెమ్మది చేశాను. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. కొట్టనీ అనుకున్నాను.